మాంత్రికుడి గుహలో మెరుపు

నా కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా ముడుచుకోవు. నాటకంలో మాంత్రికుడి గుహకు మెరుపు పెట్టబోయి కాలిన వేళ్లివి.

మాది నరసరావుపేట వైపు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభలకు లైట్లు కట్టేవాణ్ణి, తర్వాత నాటకాల లైటింగులోకి వచ్చాను. సురభి వాళ్ల మాయలూ మంత్రాలూ చూసి పెరిగిన జనం మాది. జానపద నాటకమంటే స్టేజీ మీద మెరుపు మెరవాల్సిందే. ఒకసారి ఒక కంట్రాక్టరు నియాన్ బోర్డుల పాత ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చాడు. 15 వేల వోల్టులది. దానికి రెండు ఇనప కడ్డీలు కింద దగ్గరగా, పైన ఎడంగా నిలబెట్టాలి. కింద పుట్టిన మెరుపు వేడిగాలితోపాటు పైకి పాకి, కొసన తెగిపోయి, మళ్లీ కిందినుంచి మొదలవుతుంది. అందంగా ఉంటుంది, కాదనను. కానీ వద్దన్నాను. "30 మిల్లీ ఆంపియర్లేనయ్యా, ఏమవుతుంది?" అన్నాడాయన. ఇళ్లలో ప్రాణం కాపాడటానికి పెట్టే ఈఎల్‌సీబీ ట్రిప్ అయ్యేది ఆ 30 దగ్గరే. పైగా ట్రాన్స్‌ఫార్మర్ అవతలి పక్క మనిషికి షాక్ కొడితే ఆ ఈఎల్‌సీబీకి తెలియను కూడా తెలియదు. అయినా నా మాట వినకుండా పెట్టించాడు.

రిహార్సల్లో కడ్డీ పక్కకు ఒరిగింది. ప్లగ్గు తీసేసి సరిచేస్తున్నాను. తెరవెనక ఎవరో ప్లగ్గు మళ్లీ పెట్టి స్విచ్ వేశారు. చెయ్యి బిగుసుకుపోయింది. అరుద్దామంటే గొంతు రాలేదు. కాళ్లు తడబడి వెనక్కి పడ్డాను, పడటం వల్లే బతికాను.

ఆసుపత్రిలో రాత్రంతా గుండెకు తీగలు తగిలించి చూశారు. పైకి కనబడిన గాయం చిన్నదే. కరెంటు లోపల ఎంత కాల్చిందో కొన్నాళ్లకుగాని బయటపడదని డాక్టరుగారు ముందే చెప్పారు. అలాగే అయింది. వేళ్లు నల్లబడ్డాయి, చచ్చిన కండ తీసి, తొడ చర్మం తెచ్చి అతికించారు. కట్టు మార్చే పొద్దు వస్తోందంటే తెల్లవారకూడదనిపించేది. మా ఆవిడ అన్నం కలిపి పెడుతుంటే తల ఎత్తలేకపోయేవాణ్ణి. కంట్రాక్టరు ఒక్కసారీ రాలేదు. నాటకం మాత్రం అనుకున్న తేదీకే ఆడింది.

అసలు మెరుపుకు బదులు ఎల్ఈడీ స్ట్రిప్పులు వాడొచ్చని చెప్పింది ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు. "5 వోల్టులే మావయ్యా, ముట్టుకో" అన్నాడు. ముట్టుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆ స్ట్రిప్పులో ఏ బల్బుకా బల్బు విడిగా వెలుగుతుంది. రెండు కడ్డీల మధ్య ముక్కలు అడ్డంగా, వంకరటింకరగా బిగించి, పైన పాలరంగు అక్రిలిక్ తొడిగాం. కిందిమెట్టు పొట్టి, పైమెట్టు పొడుగు. వెలుగు మెట్టు వెంట మెట్టు ఎక్కుతుంది. నడుమ నీలం కలిసిన తెలుపు, అంచుల్లో ఊదా. అసలు కష్టం లయ దగ్గరే వచ్చింది. సమానంగా వెలిగితే పెళ్లిపందిరి సీరియల్ సెట్టులా ఉంటుంది. అందుకని మా మేనల్లుడు ప్రోగ్రాములో వ్యవధి ప్రతిసారీ మారేలా రాశాడు: ఒకసారి సగంలోనే తెగాలి, ఒకసారి కాసేపు చీకటి ఉండాలి. చిటపట శబ్దం స్పీకరులోంచి. స్టేజీ మొత్తాన్ని టపటపా వెలిగించి ఆర్పడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. సెకనుకు మూడు కంటే ఎక్కువసార్లు మెరిస్తే ఫిట్స్ ఉన్నవాళ్లలో కొందరికి ప్రమాదం.

5 వోల్టులని అజాగ్రత్త పనికిరాదు. మీటరుకు 60 బల్బులుండే స్ట్రిప్పు పూర్తి తెలుపులో మూడున్నర ఆంపియర్లు లాగుతుంది. షాక్ కొట్టదుగాని, షార్టయితే తీగ కాలుతుంది. తగిన లావు తీగ, ఫ్యూజు పెట్టాల్సిందే.

ఇప్పుడు కుర్రాళ్లు పాత మైక్రోవేవ్ ఒవెన్లు విప్పి వాటి ట్రాన్స్‌ఫార్మర్లతో మెరుపులు తీస్తున్నారు. అవి 2 వేల వోల్టులే అయినా కరెంటు చాలా ఎక్కువ. పట్టుకుంటే నాలాగా ఆసుపత్రిదాకా కూడా రారు. నాటకాలు ఆడించే పెద్దలకు, కాలేజీల్లో ఉత్సవాలు చేసేవాళ్లకు నా విన్నపం ఒక్కటే: స్టేజీ మీదికి అసలు మెరుపు తేనివ్వకండి. లైట్లవాడు వద్దంటే ఆపేయండి.