హిసాబ్ జౌ జౌ

మా గల్లీ పిల్లల గేమింగ్ టీమ్‌ని కాగజ్ మీద పెట్టాల్సిన వఖ్త్ వచ్చింది. నలుగురు ఆడేవాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్. హిసాబ్ చూసేది నేనే గనక ఈ జిమ్మేదారీ కూడా నా నెత్తినే పడింది.

"సొసైటీ పెట్టేద్దాం భాయ్, ఖర్చా తక్కువ" అన్నాడు కెప్టెన్. మన 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి, అదెలాగో కుదురుతుంది. కానీ గెలిచిన ఇనామ్ సొసైటీదే, మెంబర్లు పంచుకోవడానికి లేదు. సెక్షన్ 8 కంపెనీలోనూ అంతే. పొద్దంతా డెలివరీ బండి నడిపి రాత్రి ప్రాక్టీస్ చేసే పిల్లలకి ఆ పైసలంటే ఇంటి కిరాయి. మామూలు పార్ట్‌నర్‌షిప్‌లో పంచుకోవచ్చు గానీ, క్లబ్ అప్పుల్లో పడితే బాకీవాడు ఇంటిదాకా వస్తాడు.

అందుకే ఎల్‌ఎల్‌పీ వైపు మొగ్గాను. ఇద్దరుంటే చాలు, క్లబ్ అప్పు మామూలుగా సొంత ఆస్తిదాకా రాదు. మెలిక ఒకటుంది. వాటాలు రాసుకోకపోతే 2008 చట్టం అందరికీ బరాబర్ అంటుంది. ఆడినవాడికీ, బెంచీ మీద కూర్చున్నవాడికీ ఒకటే. ఇక అందరికన్నా గురి ఉన్న చోటాకి 17 ఏళ్లే, పార్ట్‌నర్ కాలేడు. వాడి హఖ్ వాళ్ల అబ్బాతో విడిగా రాసుకోవాలి.

"దోస్తుల మధ్య రాతలెందుకు?" అని పిల్లలు ముఖం ముడుచుకున్నారు. మా దాదీ అనేది: హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ. లెక్క గింజగింజకీ చూడు, ఇచ్చేటప్పుడు వందలివ్వు.

ఇనామ్ రాకముందు మాట్లాడితే మష్వరా, వచ్చాక మాట్లాడితే ఝగడా. ఈ జుమ్మా తర్వాత అందరం కూర్చుంటున్నాం. మొదట రాసేది చోటా వాటానే.