మర్రి నీడన బొమ్మల కొలువు

ఆసుపత్రి మంచం పక్కన కనిపించే సెలైన్‌ సీసాలు చెట్టుకొమ్మలకు వేలాడుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, వందలు! 2018 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్‌ దగ్గరి పిల్లలమర్రిని చూసినవారు ఇదేదో ఆధునిక కళాకారుడి ప్రయోగం అనుకున్నా తప్పులేదు. ఏ నగరంలోని గ్యాలరీలోనో అయితే దానికో పేరు పెట్టి, పక్కన చీటీ కూడా అంటించేవారు. ఇక్కడ మాత్రం అది అచ్చంగా వైద్యం.

ఏడువందల ఏళ్లదని చెప్పుకునే ఆ మానుకు చెదలు పట్టాయి. 2017 డిసెంబరులో ఓ పెద్ద కొమ్మ విరిగిపడటంతో సందర్శకుల్ని ఆపేశారు. కాండానికి రంధ్రాలు చేసి క్లోరోపైరిఫాస్‌ పోస్తే మందు నిలవకుండా బయటికి కారిపోయింది. రైతులకు బాగా తెలిసిన ఆ పురుగుమందునే నీళ్లలో కలిపి, సీసాల్లో నింపి, చుక్కచుక్కగా ఎక్కించారు అటవీశాఖవాళ్లు. బరువు మోయలేని కొమ్మల కింద స్తంభాలు కట్టారు. చెదలొక్కటే కాదు, మన చేతివాటమూ తక్కువేం కాదు. ఊడలు పట్టుకుని ఊగినవారూ, బెరడు మీద పేర్లు చెక్కినవారూ ఎందరో.

పిల్లలమర్రి ఒక్క చెట్టే కాదు, ఓ ఆరుబయలు కళామందిరం కూడా. పక్కనే పురావస్తుశాఖ మ్యూజియం ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవాల్సిన ఈశ్వరవాణి పల్లెలోని రాజరాజేశ్వరాలయాన్ని విడదీసి, రాళ్లు తెచ్చి, ఈ ఆవరణలోనే తిరిగి నిలబెట్టారు. అటు దర్గా, ఇటు గుడి, నడుమ మూడెకరాలకు పైగా పరచుకున్న నీడ. టిఫిన్‌ డబ్బాలు విప్పుకునే కుటుంబాలకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇలాంటిచోట ఇవాళ్టి శిల్పులూ చిత్రకారులూ ఓ ప్రదర్శన పెడితే ఎంత బాగుంటుందీ అనిపించడం సహజం. గ్యాలరీ గుమ్మం తొక్కడానికి జంకేవాళ్లు చెట్టు కిందికి రావడానికి జంకరు. కానీ పాత తోటల్లో బొమ్మలు పెట్టడం తేలికైన పనేం కాదు. 2015లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్‌ రాజోద్యానంలో అనీశ్‌ కపూర్‌ పెద్ద ఉక్కు శిల్పం పెడితే దానిమీద ఒకసారి రంగు చల్లారు, మరోసారి రాతలు రాశారు. రాతల పిచ్చి మనకొక్కరికే లేదన్నమాట!

అసలు చిక్కు నేలతో. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో 1798లో నాటిన టర్నర్‌ ఓక్‌ అనే చెట్టుంది. కొన్నాళ్లుగా నీరసించిపోయిన ఆ చెట్టును 1987 అక్టోబరు తుపాను వేళ్లతో సహా పైకి లేపి మళ్లీ అక్కడే కూర్చోబెట్టింది. ఇక బతకదనుకుంటే, మూడేళ్లకు అంతకుముందుకన్నా పచ్చగా కనిపించింది. ఏళ్లతరబడి జనం తొక్కి గట్టిపడిపోయిన మట్టి ఆ కుదుపుకి గుల్లబారి, వేళ్లకు గాలీ నీరూ అందాయని తోటమాలులకు అప్పుడు అర్థమైంది. అదే తోటలో 2007లో హెన్రీ మూర్‌ శిల్పాలు 28 కొలువుదీరాయి.

పిల్లలమర్రి దగ్గరా లెక్క అదే. టన్ను బరువున్న రాతిబొమ్మ వేళ్లమీద కూర్చుంటే మట్టి ఊపిరాడదు. బొమ్మ దించడానికి వచ్చే క్రేను చక్రాలు అంతకన్నా ప్రమాదం. పునాది తవ్వకూడదు, కొమ్మకు మేకు కొట్టకూడదు, తీగ బిగించకూడదు. పోనీ తేలిగ్గా ఉంటుందని చెక్కతోనో, గోనెతోనో చేస్తే? చెదలకు విందుభోజనమే! వేసవి ఎండకు రంగులు వెలిసిపోతాయి, ఏప్రిల్‌, మే నెలల గాలిదుమారానికి తేలికపాటివి ఎగిరిపోతాయి. కాబట్టి చలికాలంలో కొన్ని రోజులు, అదీ కొమ్మల అంచు దాటి బయట, మ్యూజియం వైపు పెట్టుకోవడమే మేలు.

నల్గొండ జిల్లా నాగార్జునసాగర్‌లో ఈ బాధ లేదు. 2022 మేలో ప్రారంభించిన బుద్ధవనంలో 274 ఎకరాల స్థలంలో శిల్పాలకూ చోటు సిద్ధం చేశారు. జాతక కథలు చెక్కిన ఈకాలపు శిల్పులకు ఏ ముసలి చెట్టు వేళ్లకు దెబ్బతగులుతుందోనన్న బెంగ ఉండదు. పిల్లలమర్రిలో చెట్టే ముందొచ్చింది, బొమ్మలు తర్వాతొచ్చాయి. చుట్టాలే సర్దుకోవాలి.

2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన అమ్మాయిలు రెండుచోట్లా తిరిగారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా పిల్లలమర్రి తన పని తాను చేసుకుంటూనే ఉంది. కొమ్మనుంచి దిగే ఊడ నేలను తాకడానికి ఏళ్లు పడుతుంది. తాకి, వేరూని, లావెక్కితే అదే స్తంభమవుతుంది, ఇక సిమెంటు దిమ్మె అక్కర్లేదు. అందుకు దాని కింద కాస్త మెత్తటి మట్టి, కాస్త ఖాళీ ఉండాలి. రేపు ప్రదర్శనకు స్థలం చూడటానికి ఎంత పేరున్న శిల్పి వచ్చినా, ముందుగా ఆ ఊడల కింద జాగా చూపించి, ఇక్కడ మాత్రం వద్దని చెప్పాల్సిందే.