అప్పగింతలు ఎవరివి?

గుంటూరు జిల్లాలో ఓ పల్లె చర్చి. మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటనలు చదివారు. ఆ రోజు రానే వచ్చింది. తెల్ల పట్టుచీరలో పెళ్లికూతురు, కొత్త సూటులో పెళ్లికొడుకు. అయ్యగారు బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయం తీశారు. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న మాట రాగానే మగవాళ్ల బెంచీల్లో ముసిముసి నవ్వులు. 'విన్నావా అమ్మాయ్' అన్నట్టు ఓ పెద్దాయన తలూపాడు. ఆ తర్వాత చదివింది ఎంతమంది చెవిన పడిందో!

అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. భార్యలకు చెప్పింది మూడు వచనాలు. భర్తల వంతు అంతకంటే పెద్దది. క్రీస్తు సంఘం కోసం ప్రాణం పెట్టినట్టు భర్త భార్య కోసం తనను తాను అర్పించుకోవాలి. తన ఒంటిని చూసుకున్నట్టే ఆమెను చూసుకోవాలి. వీటన్నిటికీ ముందున్న 21వ వచనమైతే ఒకరికొకరు లోబడి ఉండమంటుంది. అతి ప్రాచీనమైన గ్రీకు ప్రతుల్లో కొన్నింట, భార్యల గురించిన 22వ వచనంలో 'లోబడటం' అన్న క్రియే లేదు. దాన్ని పై వచనం నుంచే తెచ్చుకోవాలి. రోమన్ల కాలంలో ఇంటి యజమానిదే సర్వాధికారం. భార్య లోబడాలనడం ఆనాటి వాళ్లకు కొత్త కాదు. భర్త ప్రాణమివ్వాలనడమే కొత్త.

అంతకంటే పాత మాట ఆదికాండం రెండో అధ్యాయంలో ఉంది. పురుషుడు తల్లిదండ్రుల్ని విడిచి భార్యను హత్తుకుంటాడని. విడాకుల గురించి అడిగినవాళ్లకు యేసు గుర్తుచేసిందీ దాన్నే. విడిచి రావలసింది పురుషుడు! మన పెళ్లిళ్లలో మాత్రం అప్పగింతలు ఆడపిల్లకే. ఆమె పుట్టిల్లు వదిలి వస్తుంది. అతను అమ్మచాటు బిడ్డగానే ఉండిపోతాడు. కోడలు ఉద్యోగం చేయాలా వద్దా, కాన్పు ఎక్కడ, జీతం ఎవరి చేతికివ్వాలి... అన్నిటికీ తీర్పు అత్తగారిదే.

విడవడమంటే ముసలి అమ్మానాన్నల్ని గాలికొదిలేయడం కాదు. వాళ్లను సన్మానించమని పది ఆజ్ఞల్లోనే ఉంది. శిలువ మీద ఉండి కూడా యేసు తల్లిని శిష్యుడికి అప్పగించాడు. విడవాల్సింది బాధ్యతను కాదు, భార్యను పరాయిదానిగా చూసే అలవాటును.

కట్నం మాటేమిటి? యాకోబు రాహేలు కోసం మామగారి గొర్రెలు కాసింది ఏడేళ్లు. మోసపోయి మరో ఏడేళ్లు. మనవాళ్లు లెక్కను తిరగేశారు. కట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చినా, ప్రార్థన చేసి మరీ బేరం మొదలుపెట్టే ఇళ్లున్నాయి.

అన్నిటికంటే బాధాకరం, దెబ్బలు తిని వచ్చిన ఆడపిల్లకు 'లోబడి ఉండమ్మా, సర్దుకుపో' అంటూ అదే వచనం అప్పజెప్పడం. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. భర్త వ్యభిచరించినా భార్యకు అదొక్కటే చాలేది కాదు. దానికి తోడు హింసో, వదిలేసి పోవడమో రుజువు చేయాల్సి వచ్చేది. 2001లో సవరించాకే క్రూరత్వం ఒక్కటే సరిపడే కారణమైంది. చట్టం మారడానికి నూటముప్పై ఏళ్లు పట్టింది. పత్రికలోని మాట మాత్రం మొదటి నుంచీ అక్కడే ఉంది. భార్యను గౌరవించనివాడి ప్రార్థనకు అడ్డు తగులుతుందని పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం హెచ్చరిస్తుంది. ఆదివారం గొంతెత్తి ప్రార్థించేవాళ్లు ఒక్కసారి తమ ఇంటి వైపు చూసుకోవాల్సిన మాట.

ఆ పల్లె పెళ్లిలో సాయంత్రం అప్పగింతల వేళ. కూతుర్ని పట్టుకుని తల్లి ఏడుస్తోంది. అంతలో పెళ్లికొడుకు తల్లి ముందుకొచ్చింది. కొడుకు చెయ్యి తీసి కోడలి చేతిలో పెట్టింది.

'ఇంక వీడు నీవాడమ్మా. నేనూ అప్పగిస్తున్నాను' అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.