ఫ్యూజు ఏది తమ్మీ?

సంక్రాంతి అయిపోయిన వారానికి అక్కను ఆదిలాబాద్‌లో దింపడానికి కరీంనగర్ నుంచి బయల్దేరాం. బాపు డ్రైవింగ్, పక్కన నేను. వెనక సీట్లో అక్క, ఆమె ఒళ్లో నాలుగేళ్ల చిన్నోడు. నేను కొత్తగా పెట్టిన స్టీరియోలో పాటలు మోగుతున్నాయి. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుండగా పాట ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి ప్లాస్టిక్ కాలుతున్న వాసన. "ఎవరో చెత్త కాలవెడుతున్నరు కావచ్చు" అన్నాన్నేను. బాపు ఏం మాట్లాడకుండా బండి పక్కకు ఆపాడు. బానెట్ సందుల్లోంచి పొగ వస్తోంది.

అక్క చిన్నోణ్ని ఎత్తుకుని దూరం ఉరికింది. నేను బానెట్ లేపాను. బ్యాటరీ నుంచి స్టీరియోకి నేను లాగిన ఎర్ర వైరు తొడుగు కరిగి బుడగలు కడుతోంది. తాళం తీసేసినా ఆగట్లేదు. ప్లస్ వైపు చెయ్యి పెట్టబోయాను. మా వెనకే ఆగిన లారీ డ్రైవర్ పదో నంబర్ పానా పట్టుకుని ఉరికొచ్చాడు. "అది ముట్టకు! ముందుగాల మైనస్ తియ్యాలె" అంటూ మైనస్ నట్టు వదులు చేసి క్లాంపు లాగేశాడు. పొగ ఆగింది. నల్లబడ్డ వైరును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి ఒక్కటే అడిగాడు.

"ఫ్యూజు ఏది తమ్మీ?"

లేదు. నేను పెట్టలేదు.

బండి బాపు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆల్టో. పాత రేడియో పాడైతే ఆన్‌లైన్‌లో టచ్ స్క్రీన్ స్టీరియో తెప్పించాను. షాపుకు పోతే ఫిట్టింగ్ పైసలు దండగ, ఇంజనీరింగ్ చదివినోణ్ని, నాలుగు వైర్లు కలపలేనా అనుకున్నా. బ్యాటరీ నుంచి డైరెక్ట్ కనెక్షన్ ఇస్తే బేస్ అదిరిపోతుందని ఒక వీడియోలో చూశాను. ఇంట్లో ఉన్న సన్న వైరు తీసుకుని, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడలో ఒక రంధ్రం వెతికి లోపలికి లాగాను. పన్నెండు వోల్టులే కదా, పొడి చేతులతో పట్టుకున్నా షాక్ కొట్టదు అన్న ధీమా.

షాక్ కొట్టదు, నిజమే. కానీ తగలబెడుతుంది. వైరును వేడెక్కించేది అందులో పారే కరెంటు. ఇంజన్ స్టార్ట్ చేసే మోటారుకు ఇదే బ్యాటరీ ఒక్క క్షణంలో వంద ఆంపియర్లకు పైనే ఇస్తుంది. షార్ట్ అయితే ఇంకా ఎన్నో రెట్లు పారగలదు. పైగా కారు బాడీ మొత్తం బ్యాటరీ మైనస్‌కు కలిపి ఉంటుంది. అంటే ప్లస్ వైరు ఎక్కడ ఇనుముకు తగిలినా షార్టే. నా వైరు ఆ రేకు రంధ్రం అంచుకు రోజూ రాసుకుని, తొడుగు అరిగి, ఘాట్ రోడ్డు మీద బాడీని తాకింది. సన్న వైరు హీటర్ కాయిల్ అయింది. డైరెక్ట్ కనెక్షన్ కాబట్టి తాళం తీసినా దానికి సంబంధం లేదు.

నవ్వొచ్చే సంగతేంటంటే, ఆఫీసులో నేను రాసే కోడ్‌లో 'సర్క్యూట్ బ్రేకర్' అనే పద్ధతే ఉంది. ఒక సర్వీసు చెడిపోతే మిగతా సిస్టమ్ పడిపోకుండా దాన్ని విడగొడుతుంది. ఆ పేరు వచ్చిందే కరెంటు పని నుంచి. కోడ్‌లో మర్చిపోను, కారులో మర్చిపోయాను.

లారీ అన్న కాలిన వైరు పూర్తిగా తీసేసి, మైనస్ బిగించి ఇస్తే బండి స్టార్ట్ అయింది. ఆదిలాబాద్ చేరాక ఒక ఆటో ఎలక్ట్రీషియన్ కాకా దగ్గరికి పోయాం. ఆయన తిట్టలేదు. పని చేస్తూ చూపించాడు.

"ఫ్యూజు స్టీరియోను కాపాడతదనుకుంటున్నవా? వైరును కాపాడతది బిడ్డా" అన్నాడు. స్టీరియో వెనక కంపెనీ పెట్టిన ఫ్యూజు ఉన్నా బ్యాటరీ నుంచి అక్కడి దాకా వచ్చే వైరుకు దిక్కు లేదు. అందుకే రెండో ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోనే పెట్టాడు. నా స్టీరియో వెనక 15 ఆంపియర్లది ఉంది, ముందు కూడా అదే వేశాడు. వైరు మాత్రం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. వైరు మోయగలిగిన దానికంటే పెద్ద ఫ్యూజు వేస్తే, ఫ్యూజు కంటే ముందు వైరే కాలుతుందట. రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ పెట్టాడు. నేను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులన్నీ పీకేశాడు. మన ఎండలకు ఆ టేపు జిగురు కరిగి జారిపోతుందట. నల్ల వైరుకు బాడీ మీద పెయింట్ గీకి, బోల్టుతో బిగించాడు.

ఇంకో తప్పు కూడా దొరికింది. పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, గడియారం, సెట్టింగులు గుర్తుండటానికి. ఎరుపు తాళం తిప్పినప్పుడే రావాలి. నేను రెండూ కలిపి బ్యాటరీకి ఇచ్చేశా. స్టీరియో పూర్తిగా నిద్రపోవడమే లేదు. 0.3 ఆంపియర్ లాగినా రోజుకు 7 ఆంపియర్ అవర్లు పోతాయి. మా బ్యాటరీ మొత్తం 35. రెండు మూడు రోజులు బండి తీయకపోతే పొద్దున స్టార్ట్ కాకపోవడానికి చలి కారణమని వారమంతా అనుకున్నాం.

"అసలు ఈ స్టీరియోకు బ్యాటరీ దాకా పోవుడే అవసరం లేకుండె" అన్నాడు కాకా చివర్లో. బండికి సరిపోయే కప్లర్ తెచ్చి కంపెనీ వైరింగ్‌కే కలిపితే దాని ఫ్యూజే కాపాడేదట. డైరెక్ట్ లైను పెద్ద యాంప్లిఫైయర్ పెట్టుకునేవాళ్లకు.

తిరుగు ప్రయాణంలో మేమిద్దరమే. ఘాట్ దిగేదాకా బాపు స్టీరియో పెట్టనివ్వలేదు. నిర్మల్‌లో చాయ్ తాగాక బానెట్ తెరిచి, ఆ ఫ్యూజు డబ్బీని వేలితో ఒకసారి తట్టి చూశాడు. తర్వాత వచ్చి కూర్చుని, తనే పాట పెట్టాడు.