గాలి విసిరితే

హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసింది 2014 అక్టోబర్ 12న. ఇప్పటికీ గాలి కాస్త గట్టిగా విసిరితే నాకు గుండెదడ. కిటికీ గడియ వేసిందీ లేనిదీ పదేపదే చూసుకుంటాను. వింతేమిటంటే, పక్కింటి పిన్నిగారితో ఆనాటి సంగతులు, అంటే కూలిన చెట్లు, కరెంటు లేని రాత్రులు, పాలప్యాకెట్ల కోసం తిప్పలు, చెప్పుకుంటే దడ తగ్గుతుంది. ఒంటరిగా పడుకుని “ఆ కిటికీ అద్దం పిల్లమీద పడుంటే?” అనుకున్నానా, ఇక నిద్ర హరీమంటుంది. జరిగిందానికన్నా జరగనిదే ఎక్కువ పీడిస్తుంది మరి!

చెప్పుకోవడమే కాదు, రాసుకోవడమూ సాయపడుతుందట. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వవేత్త విద్యార్థుల చేత తమ మనసు గాయాల గురించి రోజుకు 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు రాయించాడు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది. కానీ జరిగిందీ, అనిపించిందీ రెండూ రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు గడప తక్కువగా తొక్కారు. ఆ మొదటి బరువుకు జడిసే చాలామంది మధ్యలో ఆపేస్తారనుకుంటాను. మా ఆయనైతే తుపాను మాటెత్తగానే టీవీ సౌండు పెంచుతారు.