గాలానికి ఎంత బరువు?

గాలం పట్టినవాణ్ణి సోమరి అంటాం. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి, మొన్న శ్రావణంలో పాలమూరు సీమలో మూడు నీళ్లు చూసి వచ్చేదాకా. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరువేరు జిల్లాలయ్యాయి గాని, మూడింటినీ ఒరుసుకొని పారే కృష్ణమ్మ ఒక్కతే.

గద్వాలలో నా పాత విద్యార్థి తండ్రి ఉన్నాడు. చేపలు పట్టడమే వృత్తి. నాగర్‌కర్నూలులో ఇచ్చిన కూతుర్ని చూడబోతూ నన్నూ వెంటబెట్టుకొన్నాడు.

మొదటి మజిలీ జూరాల. ఆ రోజు గేట్లు మూసి ఉన్నా, దిగువన విద్యుత్కేంద్రం వదిలిన నీరు వడిగా పోతూంది. పెద్దాయన సంచిలోంచి తంగూసు తీశాడు. దానిని ఒక ఇనుప నట్టు బెజ్జంలోంచి దూర్చి, కింద ఒక పూస గుచ్చి ముడి వేశాడు. ముడికి మూరెడు దిగువన గాలపు ముల్లు, దానికి వానపాము.

“సీసపు గుండు కట్టవేం?” అన్నాను.

“తెగిపడితే పిట్టలు మింగుతయి సారూ. సీసం ఇసం.”

నట్టు అడుగున ఆనుతుంది, ప్రవాహానికి కొట్టుకుపోదు. జెల్ల ఎరను లాగితే తంగూసు బెజ్జంలోంచి జారిపోతుంది గాని నట్టు కదలదు. కనుక చేపకు అనుమానం రాదు.

“బరువు చేపకు తెల్వద్దు సారూ, మనకే తెల్వాలె” అన్నాడు. ఎం.ఏ. చదివిన నాకు ఇంత చిన్న వాక్యంలో ఇంత శాస్త్రం చెప్పడం చేతకాదు.

వనపర్తి దారిలో సరళాసాగర్ చూశాం. నిండగానే ఎవరూ తలుపులెత్తకుండానే తనంత తానే నీరు వదిలే సైఫన్లు దాని ప్రత్యేకత. 1959లో ప్రారంభమైన ఆ జలాశయానికి 2019 డిసెంబరు 31న గండిపడింది, తరువాత పూడ్చారు. అక్కడి నిలకడ నీటిలో పెద్ద నట్టు తీసేసి, శనగగింజంత బరువు కట్టాడు. “ఎర దిగేటంత సాలు. ఎక్కువైతే బురదల కూరుకపోతది.”

ఆఖరున నాగర్‌కర్నూలు కేసరి సముద్రం. అల్లుడు మత్స్య సహకార సంఘంవారిని అడిగి వచ్చాడు. ఒక మూల నాచు దట్టంగా ఉంది. అది కొర్రమీను ఇల్లు. పెద్దాయన బరువును ముల్లు దగ్గరికే జరిపి, ముల్లు మొన ఎరలో దాచాడు. అలా చేస్తే ఎర నాచును చీల్చుకొని దిగుతుంది, మొన తీగెలకు తగలదు.

విసరబోయి ఆగిపోయాడు. నీటిమీద గుప్పెడు కుంకుమ చల్లినట్టు ఎర్రటి పిల్లల గుంపు కదులుతూంది.

“కింద తల్లో తండ్రో ఉంటది. ఎర ఏసినమా, ఎంటనే కొడతది.”

“ఇంకేం, వెయ్యండి!”

“అది ఆకలికి గాదు సారూ, పిల్లలకు అడ్డంబడి కొడతది. దాన్ని పడితే యీటిని కాసేటిదెవరు? తక్కిన చేపలు ఒక్క పూటల తినేస్తయి.”

కొర్రమీనుకు బజారులో మంచి ధర. ఆ సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా తంగూసు కట్టెకు చుట్టి, నట్టు విప్పి జేబులో వేసుకొన్నాడు.

రాత్రి కూతురింట పప్పుచారుతో భోజనం. ఒట్టిచేతులతో వచ్చిన మామను అల్లుడు ఆట పట్టించాడు. పెద్దాయన నవ్వి ఊరుకొన్నాడు. ఆ నవ్వు చూశాక, గాలం పట్టినవాణ్ణి సోమరి అనడం మానుకొన్నాను.