యింతకీ ఆ లారీకి యేమొచ్చింది?

మన సాహిత్యంలో శ్రమను గురించి రాసినవాళ్ళు చాలామంది వున్నారు. పనిని గురించి రాసినవాళ్ళు తక్కువ. యీ రెండూ వొకటి కావా అని పాఠకులు అడగవచ్చు. కావనే నా నమ్మకం. చెమట, ఆకలి, బొబ్బలెక్కిన అరచేతులు - యివి శ్రమ. యే నట్టు యెటు తిప్పితే వూడుతుంది, యెంత బిగిస్తే విరుగుతుంది - యిది పని. మొదటిది వొడ్డున నిలబడి చూసినా కనిపిస్తుంది. రెండోది దిగినవాడికే తెలుస్తుంది. యీ తేడా నాకు పుస్తకాలు చెప్పలేదు. వొక పాతకారు కింద వెల్లకిలా పడుకుని వుండగా, తుప్పు కళ్ళల్లో రాలుతుంటే తెలిసింది. ఆ సంగతే రాస్తున్నాను.

ముందు నా తప్పు వొప్పుకోవాలి. 1996లో గుంటూరులో చదువుకుంటున్న రోజుల్లో నేనొక కథ రాశాను. లారీ మెకానిక్కు అందులో నాయకుడు. యెండలో లారీ బాగుచేస్తూ చేస్తూ చచ్చిపోతాడు. పదిమంది మెచ్చుకున్నారు. ఆ పాత్రకు మూలం మా మేనమామ. విజయవాడ ఆటోనగర్‌లో లారీలు బాగుచేసి, ఆ డబ్బుతోనే నా కాలేజీ ఫీజులు కట్టాడాయన. వొకసారి గ్రీజు చొక్కాతోనే హాస్టలుకు వచ్చి డబ్బు చేతిలో పెడితే, స్నేహితులు యెవరని అడిగారు. "మా వూరాయన" అన్నాను. ఆయన విన్నాడు. విననట్టే వెళ్ళిపోయాడు. తరవాత ఆరు నెలలకు ఆయన మీదే కథ రాశాను! అచ్చులో చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని సాంతం చదివి, "బావుందిరా అల్లుడూ. యింతకీ ఆ లారీకి యేమొచ్చింది?" అని అడిగాడు. నాకు వొళ్ళు మండింది. "అది ముఖ్యం కాదు మావయ్యా" అన్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు.

యిరవై రెండేళ్ళు గడిచాయి. 2018 నాటికి నేను అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారున కాపురం వుంటున్నాను. ఆ జనవరిలో నా వుద్యోగం పోయింది. నా భార్య వొక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసేది. ఆస్పత్రి యింటికి 22 మైళ్ళు. మా పేటనుంచి ఆ వేళకు బస్సు లేదు. వున్నది వొకే కారు, 1999 మోడలు. యిల్లు గడవటమంటే ఆ కారు నడవటమే.

ఫిబ్రవరిలో వొక పొద్దున, కారు నిలిపేచోట మంచు మీద యెర్రటి చుక్కలు కనిపించాయి. యెర్రగా వుంటే అది ఇంజను ఆయిలు కాదు, గేరుపెట్టె ఆయిలు. వేరుగా పోల్చుకోవటానికే దానికి యెర్రరంగు కలుపుతారు. పూర్తిగా తనంతట తనే గేర్లు మార్చుకునే పెట్టెను పెద్దయెత్తున కార్లలో పెట్టి అమ్మటం 1940 మోడలు ఓల్డ్స్‌మొబీల్ కార్లతో మొదలయింది. మన లారీల్లోలాగ కాలితో తొక్కే క్లచ్చి దానికి వుండదు. ఇంజనుకూ గేరుపెట్టెకూ మధ్య బలాన్ని అందించేది ఆయిలే. ఆ ఆయిలు అస్తమానం చిలకబడుతూ వేడెక్కుతుంది. వేడి మితిమీరితే మాడిపోతుంది. దానితోబాటు లోపలి పలకలూ మాడిపోతాయి. అందుకని పెట్టెలోంచి వొక సన్నటి వుక్కు గొట్టం ఆయిలును ముందున్న రేడియేటరుకు తీసుకుపోతుంది. అక్కడ చల్లబడి రెండో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. చిటికెనవేలు లావు కూడా లేని ఆ రెండు గొట్టాల మీదే కారు ప్రాణం వుంది.

వాటిని తినేది వుప్పు. చలికాలంలో రోడ్లమీద మంచు గడ్డకట్టకుండా యిక్కడ వుప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందనే, సుమారు 1,200 అడుగుల లోతున, వుప్పు గని వుంది. 1910 నుంచి అక్కడ వుప్పు తవ్వటం మొదలయింది. పైన కార్లు తయారుచేసిన నగరం, కింద ఆ కార్లను తినే వుప్పు! మాది చినగంజాం వుప్పు కొఠార్లకు దగ్గర వూరు. ఆ గాలికి సైకిలు చక్రాలు రెండేళ్ళకే పొరలు పొరలుగా లేచిపోవటం చూసినవాణ్ణి. అయినా మంచు మీది యెర్రచుక్కను చూసి వుప్పును తలుచుకోలేకపోయాను.

వొక గారేజీకి తీసుకెళితే 900 డాలర్లు అడిగారు. కారు అమ్మినా అంతకు కొంచెం యెక్కువ వచ్చేదేమో. నేను తెలివిగలవాణ్ణి అనుకుని, కారుతున్నచోట గొట్టం కోసి, మధ్యన వొక రబ్బరు ముక్క తొడిగి, క్లిప్పులు బిగించాను. అంగట్లో చవగ్గా దొరికిన రబ్బరు అది, పెట్రోలుకు వాడేది. ఆ వేడి ఆయిలుకు తట్టుకునేది కాదు. పదోరోజు రాత్రి నా భార్యను డ్యూటీకి దింపబోతుంటే, ఇంజను రొద హెచ్చింది, కారు మాత్రం కదలదు. దిగి చూస్తే వెనక రోడ్డు పొడుగునా యెర్రగీత. ఆ చలిలో గంటసేపు నిలబడ్డాం. ఆ రాత్రి ఆమె జీతం పోయింది. ఆమె నన్నొక్క మాట అనలేదు. అని వుంటే తేలికగా వుండేది.

యింటికి చేరి మావయ్యకు ఫోను చేశాను. అక్కడ మధ్యాహ్నం. డెబ్భై యేళ్ళ మనిషి. అలాంటి గేరుపెట్టె ఆయన యెన్నడూ విప్పలేదు. నేను చెప్పింది విని, "కారేచోటు చూశావు గానీ, రుద్దుకునేచోటు చూశావా?" అన్నాడు.

చూడలేదు. మర్నాడు టార్చి వేసి చూశాను. గొట్టాన్ని చట్రానికి పట్టివుంచే క్లిప్పు కింద వుప్పుబురద నెలల తరబడి తడిగా వుండిపోయింది. గొట్టం అక్కడ అట్టముక్కలాగ వుబ్బివుంది. అలాంటి చోట్లు నాలుగున్నాయి. వొకచోట అతుకు వేస్తే యింకోచోట పగిలేది. "వొకటి కుళ్ళితే రెండోదానిదీ అదే వయసు. రెండూ మార్చు" అన్నాడు మావయ్య.

రెండు రోజులు పట్టింది. పొరుగున వుండే వొక పెద్దాయన స్టాండ్లు యిచ్చాడు. జాకీని నమ్మి కారు కింద దూరవద్దని మరీమరీ చెప్పాడు. తుప్పుపట్టిన నట్లకు రాత్రే ఆయిలు పట్టించి వుంచాను. మామూలు పానా రెండు పక్కలనే పట్టుకుంటుంది. మెత్తబడ్డ నట్టు అంచులు తినేస్తుంది. గొట్టం దూరటానికి సందు వున్న రింగుపానా వొకటుంది. అది అయిదు పక్కల పట్టుకుంటుంది. రేడియేటరు దగ్గర వొక్క పానా చాలదు. వొకదానితో రేడియేటరు మూతిని కదలకుండా పట్టుకుని, రెండోదానితో నట్టు తిప్పాలి. లేకపోతే మూతి మెలిపడి రేడియేటరే పోతుంది. లోపలి చల్లార్చే అర చిట్లితే నీళ్ళూ ఆయిలూ కలిసి గులాబిరంగు పాలలాగ అవుతాయి; గేరుపెట్టె ఆ నీళ్ళకు బతకదు.

కొత్తగొట్టం వుక్కుది కాదు, రాగీ నికెలూ కలిపినది. తుప్పు పట్టదు. మెత్తగా వుంటుంది, పెయింటు డబ్బాకు చుట్టి చేత్తోనే వంచుకోవచ్చు. రంపంతో కోస్తే రజను లోపలికి పోతుంది గనక, చుట్టూ తిరిగే కత్తెరతోనే కోయాలి. కోసి, మూతిని గరాటులాగ విప్పాను. చాలా బాగా వచ్చింది. అప్పుడు చూసుకుంటే నట్టు బల్లమీదే వుంది! మూతి విప్పకముందే నట్టు యెక్కించుకోవాలి. మళ్ళీ కోశాను. ఫోనులో చెబితే మావయ్య పకపకా నవ్వాడు: "ఆ తప్పు చెయ్యని మెకానిక్కు లేడురా. యిప్పుడు నువ్వు మా కులంలో చేరావు."

నట్లన్నీ ముందు వేళ్ళతో తిప్పి, తరవాతే పానా వేశాను. క్లిప్పుల దగ్గర గొట్టానికి రబ్బరు తొడుగు వేశాను. ఆయిలు పోసి, ఇంజను వేడెక్కాక, అది తిరుగుతుండగానే గజం పుల్లతో మట్టం చూశాను; చల్లగా వుండగా చూస్తే ఆ మట్టం తప్పు చెబుతుంది. మొత్తం 110 డాలర్లు అయింది, రబ్బరు ముక్క కాకుండా. ఆ రాత్రి నా భార్యను డ్యూటీకి దింపి వచ్చి, కారు కింద తెల్ల కాగితం పరిచి పడుకున్నాను. తెల్లారాక కాగితం తెల్లగానే వుంది.

నా చేతులు నాలుగు రోజులు నలుపు వదల్లేదు. వొక యింటర్వ్యూకు వెళ్ళి, బల్ల కిందనే దాచుకుని కూర్చున్నాను. అప్పుడు హాస్టలు గేటు గుర్తుకు వచ్చింది.

ఆ ఆదివారం మావయ్యకు ఫోను చేసి, గేటు సంగతి యెత్తబోయాను. ఆయన మధ్యలోనే, "మట్టం సరిగ్గా వుందా? వారం పోయాక యింకోసారి నట్లు చూడు" అన్నాడు. నేను అడిగిన క్షమాపణ ఆయనకు అందిందో లేదో చెప్పలేను. అప్పుడిక నాకు చేతనయింది చేశాను. యెక్కడ రుద్దుకుంది, యెందుకు పగిలింది, యెట్లా వంచాను - మొదటినుంచి చివరిదాకా చెప్పాను. నలభై నిమిషాలు. ఆయన మధ్యమధ్య ఆపి ప్రశ్నలు వేశాడు. నా కథను గురించి యిరవై రెండేళ్ళ కిందట ఆయన వేసింది వొక్క ప్రశ్నే. అది విమర్శ అని నాకప్పుడు తెలియలేదు.

నా కథలో మెకానిక్కు చచ్చిపోయాడు. చంపటం సులువు గనక చంపాను. అతడికి పనివుందని, ఆ పనిలో ఆలోచన వుందని, తప్పు చేసి తనే నవ్వుకునే స్వేచ్ఛ వుందని నాకు తెలియదు. తెలియనిచోట జాలి నింపాను. శ్రామికుణ్ణి గురించి రాసేవాళ్ళం అతని బాధను గౌరవించాం. అతని బుద్ధిని గౌరవించామా? గౌరవించాలంటే ముందు ఆ లారీకి యేమొచ్చిందో కనుక్కోవాలి.

కారును 2021లో తుక్కుకు యిచ్చేశాం. చట్రమే తుప్పుకు పోయింది. గొట్టాలు చివరిదాకా కారలేదు.